లోపటి గడియ

దేవరకద్ర స్టేషన్ రోడ్డుల ఇనుప సామాన్ల దుకాణం.
లోపటి గడియ కావాలన్న.
"తలుపు మందమెంత?" అన్నడు సేటు.

నోటికాడికొచ్చిన మాట ఆడనే ఆగింది.
ఏ తలుపని చెప్పాలె?

నిజాంపేటల సెల్లారు కింద, మెట్ల సందుకు
ప్లైవుడ్ తలుపొకటున్నది.
కార్లు కడిగిన నీళ్లకు ఉబ్బి
అంచులు పొరలు పొరలు లేసినయి.
ఐదంతస్తులోళ్లను కాస్తనని జీతం తీసుకుంటడు నా పెనిమిటి.
మా తలుపుకు మాత్రం
నీళ్లబిందె అడ్డం పెడుతం.

ఈడికి నాలుగు కిలోమీటర్లల్ల
మా మామ చేయించిన టేకు తలుపున్నది.
తాళమేసి ఆరేండ్లు.
దానెనుక కప్పు లేదు.

మొన్న ఆయితారం, పొద్దువోయినంక
పిల్ల చెత్తడబ్బ పెట్టి మర్లొస్తుంటే
కారు అద్దం దిగిందట.
పేరడిగిండట.
ఎన్నో క్లాసని అడిగిండట.
మీ నాయిన గేటుకాడ ఎన్నిగంటలకు పంటడని అడిగిండట.
అంతే.
చెయ్యి పట్టలే, గుంజలే.
పేరడిగినందుకు కేసుంటదా?

సెక్రటరీ సారు మంచోడే.
కెమెరా పెట్టించిన గదమ్మా అన్నడు.
పోయి చూసిన.
దాని కన్ను కార్ల దిక్కున్నది.

ఆ గల్లీల మా దిక్కోళ్లం ఏడిండ్లు.
ఇండ్లంటే ఏడు సెల్లార్లు.
ఆ రాత్రి మిద్దె మీద నీళ్లట్యాంకుల నడుమ కూసున్నం.

ఊశన్న అన్నడు:
"ఊర్లనన్న ఏం భద్రముందే?
మా తమ్మున్ని మోటరు స్టార్టరు మింగలేదా?
నిరుడు వానలల్ల సాయమ్మను కట్లపాము..."

మొగులమ్మ తంబాకు ఉమ్మి వచ్చి కూసున్నది.
"పాము చీకట్ల వస్తది, కరుస్తది.
పేరడగది" అన్నది.

ఎవరూ నవ్వలే.

జంగిలప్ప లెక్క చెప్పిండు.
నెలకు పదకొండు వేలు, కార్లకు ఇంకో నాలుగు,
కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు.
ఊర్ల రెండెకరాల చెలక, ఎండిన బోరు,
బోరు మీద మిత్తి.
లెక్క తప్పు గాదు.
ఆ లెక్కల నా బిడ్డ యాడా లేదు.

నా పెనిమిటి నోరు తెరవలే.
టార్చిలైటు వేసుడు, ఆర్పుడు,
వేసుడు, ఆర్పుడు.

దిగొచ్చేసరికి నవనీత మేల్కొనే ఉన్నది.
"అడిగినోడు ఈణ్ణే ఉంటడు గదమ్మా.
నేనెందుకు పోవాలె?"
దుప్పటి నిండ గప్పి తిట్టిన.
జవాబు లేనప్పుడు నాకొచ్చేది అదొక్కటే.

తెల్లారి బస్సెక్కిన,
రేకులేస్తే ఎంతయితదో చూసొద్దామని.

తాళంల కొబ్బరినూనె పోస్తే గాని చెవి తిరగలే.
లోపట, పొయ్యి ఉన్నకాడ
నడుమంత ఎత్తు తుమ్మచెట్టు.
తలుపు గడియ ముట్టుకుంటే
తుప్పు తుప్పుగ చేతుల్లకు వచ్చింది.
పక్కింటోళ్లు మంచమిచ్చిన్రు.
మొగులు కింద, టేకు తలుపు దగ్గరేసుకొని పన్న.
నడిజామున తలుపు గీరిన సప్పుడైతే
గుండె ఆగి లేచిన.
కుక్క.
కుక్కని తెలిసినంక గూడ శానసేపు కూసున్న.

"చెప్పమ్మా" అంటున్నడు సేటు,
"టేకైతే ఇంచున్నర స్క్రూ పట్టుకుంటది.
ప్లైవుడైతే ముప్పావే.
అంతకన్న పొడుగుదేస్తే అవతలికి పొడుచుకొస్తది."
నా ఎనుక సిమెంటోళ్లు తొందరవెడుతున్నరు.

"గడియ ఒక్కటే సేటూ.
స్క్రూలు రెండు తీర్లు కట్టు."

మనిషిని ఒకసారి తేపార చూసి
రెండు పొట్లాలు కట్టిండు.
ఏది ఏదో మీద రాయలే.

బస్సు కోసం నిలవడ్డప్పుడు ఫోనొచ్చింది.
"నాయిన లిఫ్టుకాడికి పోయిండమ్మా.
నేనొక్కదాన్నే ఉన్న. బిందె అడ్డం పెట్టిన."

"నిండు బిందేనా?" అనడిగిన.